బుట్ట కింద లైటు

మేడ మీద గది,
పగలు పదకొండు గంటలు

నట్టూ,

ఈ కవరు చూడగానే "వదినకి నేను గుర్తొచ్చానంటే ఏదో పని పడిందన్నమాట" అనుకుని ఉంటావు. పడింది. ఇంట్లో సైకిల్ మెకానిక్ ఆడపడుచు ఉండగా బజార్లో ఎవర్నో అడగడం ఎందుకని నీకే రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. నువ్వు కొట్టు తెరిచే వేళకి నేను నిద్రకి పడతాను. నేను లేచేసరికి నీ వెనక గాలి యంత్రం మోత. మనిద్దరం అరుచుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు.

సంగతేమిటంటే, నాకు సైకిల్‌కి ముందు లైటు కావాలి. చార్జింగ్ పెట్టుకునేది. పోయిన వారం ఒక కాన్పు చూసి తిరిగొస్తుంటే కాలవ గట్టు మధ్యలో పాత లైటు ఆరిపోయింది. సెల్లు మార్చి నాలుగు రోజులైనా కాలేదు. చీకట్లో గట్టు అంచు ఎక్కడుందో తెలియక సైకిల్ దిగి, రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చాను. మీ అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మెడలో టేపు కూడా తియ్యలేదు. అర్ధరాత్రి లేచి ఎవరికి కొలతలు తీద్దామనుకున్నారో మరి.

మర్నాడు చొక్కాకి కాలర్ కుడుతూ, తల ఎత్తకుండా, "ఒక్క నెల చూస్తాను. ఇలాగే ఉంటే రాత్రి పిలుపులు మానేసి ఆస్పత్రి రికార్డుల కౌంటర్లో కూర్చో. పగటి ఉద్యోగం ఇస్తామని వాళ్ళే అంటున్నారుగా" అన్నారు.

ఆయన భయం నాకు అర్థమవుతుంది నట్టూ. కానీ ఆరేళ్ళుగా చేస్తున్న పని. నేను పిల్లలు పుట్టే చోట ఉండాలి గానీ, పుట్టిన తారీఖులు రాసుకునే చోట కాదు. కాబట్టి మంచి లైటు చూసి చెప్పు. నా రాత్రి ఉద్యోగం ఇప్పుడు నీ చేతుల్లో ఉంది. ఇక చూసుకో నీ ఆడపడుచు దర్జా!

మీ వదిన


కొట్టు వెనక బల్ల దగ్గర,
భోజనాల వేళ

వదినా,

రిపేరు చీటీల వెనక రాస్తున్నాను, నూనె మరకలకి ముక్కు చిట్లించకు.

ముందు ఒకటి చెప్తాను, బాగా విను. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు, ఆ అంకెల పిచ్చిలో పడకు. కొట్టుకి వచ్చే ప్రతివాడూ "ఎక్కువ వెలుగొచ్చేది ఇవ్వండి" అంటాడు. వెలుగు ఎంతన్నది కాదు, ఎక్కడ పడుతోందన్నది చూడాలి. టార్చిలా గుండ్రంగా కొట్టేది పట్టుకెళ్తే సగం వెలుగు ఆకాశానికి పోతుంది, మిగతా సగం ఎదురొచ్చేవాడి కళ్ళల్లోకి పోతుంది. నీ గట్టు సన్నంగా ఉంటుందని నాకు గుర్తే. అందుకని వెలుగు పైభాగం కత్తిరించినట్టు పడే లైటు చూశాను. దాని అద్దం వెలుగంతా కిందికే వంచుతుంది. నాలుగు వందల ల్యూమెన్లే, కానీ అంతా రోడ్డు మీదే పడుతుంది.

బ్యాటరీ మధ్యరకం వెలుగులో నాలుగున్నర గంటలు వచ్చింది. డబ్బా మీద ఆరు అని రాసుకున్నారు. నేను బల్ల మీద వెలిగించి గడియారం పెట్టుకుని మరీ చూశాను. అయిపోయే అరగంట ముందు మీటలో ఎర్ర చుక్క వస్తుంది కాబట్టి గట్టు మధ్యలో మోసం చెయ్యదు. చార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉంది, వాన పడ్డా ఫరవాలేదు. నీ ఫోన్ తీగే దీనికీ సరిపోతుంది. ఇంకోటి ఉంది, ఇంతకంటే చవక, కానీ దాని మూత రెండు నెలలకే ఊడొస్తుంది. అలాంటివి నా దగ్గరికి పదమూడు వచ్చాయి రిపేరుకి. అది వద్దు.

డబ్బు సంగతి ఎత్తావంటే ఊరుకోను. రేపు పార్సిల్ వేస్తున్నాను.

బిగించడం తేలికే. హ్యాండిల్ మీద పెడితే నీ బుట్ట, బుట్టలో నీ కాన్పుల సంచి అడ్డం వస్తాయి. లైటుని పట్టి ఉంచే క్లాంపుని హ్యాండిల్ కిందికి తిప్పి, బుట్ట కింద వేలాడేలా బిగించు, ఏమీ కాదు. తర్వాత గోడకి పది అడుగుల దూరంలో సైకిల్ నిలబెట్టి వెలిగించి చూడు. వెలుగుకి ఒక పక్క గీత గీసినట్టు తిన్నటి అంచు కనిపించాలి. కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టే.

అన్నయ్యతో చెప్పు, చెల్లెలు రంగంలోకి దిగిందని.

నట్టు


మేడ మీద గది,
వాన వెలిసిన పగలు

నట్టూ,

నీ లైటు వచ్చింది. నువ్వు చెప్పినట్టే బుట్ట కింద వేలాడదీశాను. గోడ పరీక్ష కూడా అయింది. మీ అన్నయ్య కోపం పక్కన పెట్టి టేపు తెచ్చి పది అడుగులూ కొలిచారు. అంగుళం తేడా రాకూడదట! వెలుగు అంచు నిజంగానే గీత గీసినట్టు పడింది. ఆయన దాని మీద కుట్టుసుద్దతో గోడకి ఇంకో గీత గీసి, "అంచు బాగా కత్తిరించారు" అన్నారు. దర్జీ నోటి నుంచి అంతకంటే పెద్ద పొగడ్త రాదు.

నాలుగు రాత్రులు తొక్కాను. అబ్బ, ఏం వెలుగు! గట్టు పక్క చెట్ల మీద పిట్టగూళ్ళు లెక్కపెట్టొచ్చు. వంతెన మీద రాసిన అక్షరాలు అంత దూరం నుంచే చదివేశాను. చక్రం ముందు మాత్రం కాస్త చీకటిగా అనిపిస్తోంది. అలవాటవ్వాలేమో.

బుధవారం రొట్టెలాయన కూతురు పరీక్షకి వచ్చింది. వచ్చే నెలే నెలలు నిండుతాయి. "అక్కా, నా కాన్పుకి మీరే రావాలి, ఇంకెవరొచ్చినా తలుపు తియ్యను" అంటోంది. తలుపు తియ్యకపోతే బిడ్డ తలుపు తీసుకుని వస్తుందా అన్నాను. నవ్వలేక నడుం పట్టుకుంది. ఇలాంటివాళ్ళని వదిలేసి నేను కౌంటర్లో ఎలా కూర్చుంటాను చెప్పు?

మీ వదిన


కొట్టులో నిలబడే,
తాళాలు వేసే ముందు

వదినా,

పిట్టగూళ్ళు లెక్కపెట్టేంత వెలుగా! నీ ఉత్తరం మా ముసలి యజమానికి చదివి వినిపించాను. నట్టు పెట్టిన లైటంటే అదీ మరి! చక్రం ముందు చీకటి అంటావా, లైటు ముక్కు కొద్దిగా కిందికి వంచు, పోతుంది.

పని ఎక్కువ. ఉంటాను.

నట్టు


వంటింటి బల్ల దగ్గర,
శనివారం

నట్టుకి,

లైటు తిరిగి పంపుతున్నాను. మీ యజమాని వెనక్కి తీసుకుంటే ఇచ్చెయ్యి. పాడవలేదు, బాగానే పనిచేస్తుంది. నాకు అవసరం లేదు, అంతే.

ఒకటో తారీఖు నుంచి రికార్డుల కౌంటర్లో చేరతానని చెప్పేశాను. నడుం నొప్పి, వయసు కూడా అవుతోందిగా. నువ్వు ఇంత శ్రమ తీసుకున్నందుకు ఏమీ అనుకోకు.

వదిన


కొట్టు వెనక బల్ల,
పని మానేసి మరీ

వదినా,

నడుం నొప్పా? పోయిన ఏడాది మంచం ఒక్కదానివే మేడ మీదికి ఎక్కించావు. నాకు కథలు చెప్పకు.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండి, అన్నయ్యే నీ కాళ్ళకి అడ్డం పడ్డాడనుకుని నాలుగు వాయించుదామని ఫోన్ చేశాను. వాడేమన్నాడో తెలుసా? "నేనేమీ అనలేదే. లైటు బాగుంది, ఇక తొక్కుకో అన్నాను కూడా. తనే మానేసింది. పగలు నిద్రపోవడం లేదు. ఆ రొట్టెలాయన ఇంటి నుంచి రోజూ రొట్టె వస్తోంది, ముక్క నోట పెట్టదు. తీసుకెళ్ళి పక్కింటి వాళ్ళకి ఇచ్చేస్తోంది. నువ్వన్నా అడుగు." వాడి గొంతు విని తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

అడుగుతున్నాను వదినా. ఏం జరిగింది? రొట్టె ఎందుకొస్తోంది? నువ్వు ఎందుకు తినడం లేదు? నువ్వు నా దగ్గర దాస్తే నేను ఊళ్ళో సైకిళ్ళన్నీ గాలికొదిలి బండెక్కి వచ్చేస్తాను. మా యజమాని లబోదిబోమంటే ఆ పాపం నీదే.

నట్టు


మేడ మీద గది,
నిద్ర పట్టని పగలు

నట్టూ,

రెండు కాగితాలు చింపేశాను. ఇది మూడోది. సూటిగా రాసేస్తాను.

లైటు నీకు తిప్పి పంపిన ఆ వారమే, గురువారం తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద వస్తున్నాను. ఎదురుగా ఒక సైకిల్. దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి చెయ్యెత్తి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. ఒంటి చేత్తో హ్యాండిల్ వంకర తిరిగింది. నా కళ్ళ ముందే గట్టు దిగి కిందికి జారిపోయాడు. పొయ్యి వెలిగించడానికి వెళ్తున్న రొట్టెలాయన.

నేను సైకిల్ చెట్టుకి ఆనించి, లైటు ఆపేసి, ఫోన్ వెలుగులో కిందికి దిగాను. లైటు ఎందుకు ఆపానో ఇప్పటికీ తెలియదు. బ్యాటరీ మిగుల్చుకునే అలవాటే అయ్యుండొచ్చు. కాకపోయినా అయ్యుండొచ్చు. ఆయన కాలర్ బోన్ విరిగింది. నా చున్నీతో చెయ్యి మెడకి కట్టి, రెండో చంక కింద భుజం పెట్టి పైకి తెచ్చాను. ఆయన మూలుగుతూ ఏమన్నాడో తెలుసా?

"ఎవడో వెధవ కళ్ళల్లోకి లైటు కొట్టి పారిపోయాడమ్మా. వెనకాలే నువ్వు రాబట్టి సరిపోయింది. లేకపోతే తెల్లారేదాకా అక్కడే పడుండేవాణ్ణి."

అది నేనేనని చెప్పలేదు నట్టూ. తర్వాత చెబుదామనుకున్నాను. ఆస్పత్రిలో ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడసలే చెప్పలేకపోయాను. మర్నాటి నుంచి రొట్టె వస్తోంది. నేను రోజూ వెళ్ళి కట్టు చూసి వస్తున్నాను. వెళ్ళినప్పుడల్లా ఆయన ఆ వెధవని తిడతాడు, నేను తలూపుతాను. ఒక్క చేత్తో పిండి కలపలేక కూలికి మనిషిని పెట్టుకున్నాడు. కూతురు పొట్ట మోసుకుంటూ కొట్టులో నిలబడుతోంది.

చెబితే ఆ పిల్ల నన్ను గుమ్మం తొక్కనివ్వదు. చెప్పకపోతే ఏ మొహం పెట్టుకుని ఆ బిడ్డని చేతుల్లోకి తీసుకోను? అందుకే కౌంటర్. మళ్ళీ లైటు వెలిగించి ఇంకొకళ్ళని పడేసే ధైర్యం నాకు లేదు.

మీ అన్నయ్యకి తెలియదు. నీకే చెప్పాను.

వదిన


కొట్టు, షట్టరు దించి,
ఆదివారం

వదినా,

ఈ ఉత్తరం రాయాలని లేదు. అయినా రాస్తాను. నువ్వు రాయగలిగావు కదా.

నువ్వు పంపిన పార్సిల్ ఇన్నాళ్ళూ విప్పనే లేదు. అలిగి అరలో పారేశాను. నీ ఉత్తరం చదివాక విప్పాను. క్లాంపు నువ్వు బిగించిన తీరుగానే ఉంది. దాన్ని అలాగే కొట్టులో ఒక సైకిల్‌కి కింద వేలాడదీసి గోడకి వెలిగించాను. తిన్నటి అంచు కనిపించింది. కానీ పైన కాదు, కింద. వెలుగంతా గీతకి పైన ఉంది, కప్పుదాకా. నేల మీద చీకటి.

అర్థమైందా వదినా? లైటు తలకిందులైంది. వెలుగుని కిందికి వంచే అద్దం తిరగబడితే పైకి వంచుతుంది. రోడ్డు మీద పడాల్సిందంతా ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లోకి, చెట్ల మీదికి పోతుంది. పిట్టగూళ్ళు! నువ్వు పిట్టగూళ్ళని రాస్తే నేను దాన్ని యజమానికి చదివి గొప్పలు పోయాను. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, ఆ ఒక్క మాటకే పట్టుకోవాల్సింది. చక్రం ముందు చీకటని కూడా చెప్పావు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

కిందికి వేలాడదియ్యి, ఏమీ కాదు అని రాసింది ఎవరు? నేను. తిన్నటి అంచు కనిపిస్తే చాలన్నాను గానీ, అది పైన ఉండాలని రాశానా? లేదు. నువ్వు నేను చెప్పింది చెప్పినట్టు చేశావు. ఆ వెధవ ఎవడని రొట్టెలాయన అడుగుతున్నాడు కదా, ఆ వెధవని నేను.

ఇదే సలహా ఇంకెవరికిచ్చానా అని పాత చీటీలన్నీ తిరగేశాను. బుట్ట సైకిళ్ళవాళ్ళు ముగ్గురు. ముగ్గురినీ పిలిపించి సరి చేశాను. అందులో ఒకావిడ ఉత్తరాలు పంచే మనిషి. "అందుకా, వీధి కుక్కలన్నీ నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాయి" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు ఇది చెయ్యి. లైటుతో పాటు ఒక చిన్న ఇనప పట్టీ పంపుతున్నాను, నేనే వంచి రంధ్రాలు వేశాను. అది బుట్ట ముందు వైపు బిగుస్తుంది. లైటు దాని మీద నిటారుగా కూర్చుంటుంది, సంచి అడ్డం రాదు. అద్దం కింద నేను తెల్ల రంగుతో చుక్క పెట్టాను. చుక్క నేల వైపు ఉండాలి. గోడ మీద వెలుగంతా గీతకి కిందే ఉండాలి. గీత లైటు ఎత్తు కన్నా పైకి పోకూడదు.

రొట్టెలాయన దగ్గరికి వెళ్ళడమా మానడమా నేను చెప్పలేను. వెళ్తే మాత్రం నా ఉత్తరం పట్టుకెళ్ళు. తప్పులో నా వాటా నాకు ఇవ్వు వదినా, ఒక్కదానివే మొయ్యకు.

నీ నట్టు


మేడ మీద గది,
సాయంత్రం

నట్టూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, కిందికి దిగి మీ అన్నయ్య చేతిలో పెట్టాను. నాది కూడా చెప్పాను. ఆయన మిషను ఆపేశారు. "ఇన్ని రోజులూ ఒక్కదానివే మింగుకుంటూ కూర్చున్నావా?" అని, పెరట్లోకి వెళ్ళి గోడ మీద పాత సుద్దగీత తడిగుడ్డతో తుడిచేశారు. కొత్త గీత తర్వాత గీద్దాం, ముందు వెళ్ళిరా అన్నారు.

వెళ్ళాను. తండ్రీ తల్లీ కూతురూ ముగ్గురూ రొట్టెల కొట్టులోనే ఉన్నారు. లైటు బల్ల మీద పెట్టాను.

"బాబాయిగారూ, ఆ రోజు మీ కళ్ళల్లోకి కొట్టిన లైటు ఇదే. పారిపోయినవాళ్ళు ఎవరూ లేరు. అది నేనే."

ఆయన లైటు వంక, నా వంక చూశాడు. "అంటే, ఇన్నాళ్ళూ రోజూ వచ్చి కట్టు చూసి పోయావు. నేను తిడుతుంటే తలూపావు. ఒక్కసారన్నా నోరు రాలేదా నర్సమ్మా?"

"రాలేదండీ. భయమేసింది."

నీ ఉత్తరం ఇచ్చాను. తీసుకోలేదు. ఆయన భార్య చేతిలో గుడ్డ మెలిపెడుతూ ఉండిపోయింది. కూతురు లోపలికి వెళ్ళిపోయింది. "ఇక వెళ్ళు" అన్నాడాయన. ఉత్తరం, లైటు అక్కడే వదిలేసి వచ్చాను.

బుధవారం ఆ పిల్ల పరీక్షకి రాలేదు. రిజిస్టర్లో ఆమె పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. అయినా నట్టూ, మొన్న రాత్రి నేను నిద్రపోయాను. పదిహేను రోజుల తర్వాత, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. ఏం జరిగినా ఇక తలూపక్కర్లేదు కదా.

వదిన


కొట్టు, టీ తాగుతూ

వదినా,

నిద్రపోయావన్న వాక్యం దగ్గర నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. యజమాని చూసి, "చెయిన్‌లో వేలు పడిందా?" అని కంగారు పడ్డాడు. పడిందన్నాను.

ఏమన్నా తెలిస్తే రాయి. తెలియకపోయినా రాయి.

నట్టు


మేడ మీద గది,
తెల్లవారి తొమ్మిది గంటలు, ఇంకా పడుకోలేదు

నట్టూ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగానే చెప్తాను.

నీకు ఉత్తరం రాసిన నాలుగో రోజు సాయంత్రం రొట్టెలాయన మా గేటు దగ్గరికి వచ్చాడు. ఒక చెయ్యి మెడకి వేలాడుతోంది, రెండో చేతిలో లైటు, జేబులో నీ ఉత్తరం. లోపలికి రమ్మంటే రాలేదు. "గోడ ఎక్కడ? చూపించు" అన్నాడు.

పెరట్లో చీకటి పడేదాకా కూర్చున్నాం. మీ అన్నయ్య టేపు తీశారు. ముందు తలకిందులుగా బిగించి వెలిగించాను. ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడి, వెంటనే మొహం తిప్పేసుకున్నాడు. "ఇదే. ఇదే వెలుగు" అన్నాడు. తర్వాత నీ పట్టీ వేసి, తెల్లచుక్క కిందికి ఉండేలా సరిగ్గా బిగించాను. మళ్ళీ నిలబడ్డాడు. వెలుగు ఆయన నడుం దగ్గర ఆగిపోయింది. "ఇంత చిన్న సంగతా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. మీ అన్నయ్య గోడ మీద కొత్త గీత గీశారు.

గేటు దాటబోతూ ఆగాడు. "మీ ఆడపడుచు ఉత్తరంలో ఆ వెధవ తనేనని రాసింది. అలా అనుకోవట్లేదని రాయి" అన్నాడు. ఇదిగో, రాశాను. తర్వాత, "నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు నర్సమ్మా. అది ఇన్నాళ్ళూ మనసులో నమిలాను. మా అమ్మాయి రేపు పరీక్షకి వస్తుంది" అన్నాడు.

వచ్చింది. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుంటే, "అక్కా, తలుపు తీస్తాలే" అంది. నేను యంత్రం సర్దుతున్నట్టు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఒకటో తారీఖు నిన్న. కౌంటర్‌కి నేను పోలేదు. పెద్ద నర్సమ్మకి ముందే చెప్పేశాను, ఆవిడ "హమ్మయ్య" అంది. నా బదులు ఇంకెవర్ని చీకట్లో తోలాలా అని బెంగ పెట్టుకుందట! మీ అన్నయ్య నా సంచి చుట్టూ మెరిసే పట్టీ కుట్టి ఇచ్చారు, నాలుగు వరసలు. ఇక నన్ను చూడనివాడు గుడ్డివాడే అయ్యుండాలి.

రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. రొట్టెలాయన భార్య. నొప్పులు మొదలయ్యాయట.

చార్జింగ్ తీగ పీకాను, తెల్లచుక్క చూసుకున్నాను, బయల్దేరాను. గట్టు ఎక్కాను. ఆయన పడిన చోట దిగి నడుద్దామా అనుకున్నాను. కానీ చక్రం ముందు రోడ్డు కనిపిస్తోంది నట్టూ. ప్రతి రాయీ, ప్రతి గుంటా. చెట్లు చీకట్లో ఉన్నాయి, పిట్టలు ఉంటే నిద్రపోతున్నాయి. దిగలేదు, తొక్కాను.

ఆడపిల్ల. మూడు కిలోలకి కొంచెం తక్కువ. తల్లి బాగుంది. పుట్టగానే వీధంతా వినపడేట్టు ఏడ్చింది, అంతకు ముందే వాళ్ళమ్మ నొప్పులకి నా భుజం కొరికేసింది. కౌంటర్లో కూర్చుంటే ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఇవాళ వాళ్ళింటి రొట్టె తిన్నాను, వేడివేడిది, రెండు ముక్కలు. ఆయన ఒంటి చేత్తో కోసి పెట్టాడు.

కానీ నీకు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. అంతకు ముందుది. వాళ్ళ సందు మలుపు తిరిగేసరికి ఆయన వీధి మధ్యలో నిలబడి నా కోసం ఎదురుచూస్తున్నాడు. లైటు ఆపేద్దామా అని వేలు మీట మీదికి పోయింది. ఆపలేదు. తొక్కుతూ దగ్గరికి వెళ్ళాను. వెలుగు ముందు ఆయన చెప్పుల మీద పడింది, తర్వాత మోకాళ్ళ మీద. అక్కడే ఆగింది. ఆయన నన్నే చూస్తున్నాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

నీ వదిన